పాతాళగరిగె

"ఇన్నేసి శాటిలైట్లు ఎట్టుకుని, అంత విమానం కనపడకపోడమేటి నాయినా?"

మా పెదనాన్న నన్ను ఈ ప్రశ్న అడిగింది 2016 జూలైలో. పెదనాన్నంటే సొంత పెదనాన్న కాదు. బొబ్బిలిలో మా పక్కింటాయన. జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ వరసకి అలాగే పిలుస్తాను.

అమ్మ కంటి ఆపరేషన్ కోసం వారం సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నాను. 22వ తేదీ, శుక్రవారం. మధ్యాహ్నం టీవీలో స్క్రోలింగు మొదలైంది. చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్న వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద గల్లంతు, లోపల 29 మంది. కాసేపటికి ఇంకో ముక్క వచ్చి చేరింది. ఆ 29 మందిలో 8 మంది మన విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు.

వైజాగు వెళ్ళినవాళ్ళందరూ ఎన్ఏడీ జంక్షన్ పేరు వినే ఉంటారు. సిటీ బస్సు కండక్టరు రోజుకి వందసార్లు అరిచే ఆ మూడక్షరాలూ ఈ డిపోవే. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాలుగేళ్ళూ ఆ జంక్షన్లో బస్సు మారాను. ఆ పేరుకి అర్థమేంటని ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆ శుక్రవారం తెలిసింది.

పెదనాన్న అల్లుడు వైజాగులో డిఫెన్సులోనే సివిలియన్ ఉద్యోగి. డ్యూటీ మీద అప్పుడప్పుడు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళొస్తుంటాడు. ఫోన్ చేస్తే తగల్లేదు. కూతురికి చేస్తే ఆవిడకీ తెలీదు, పొద్దున్నే వెళ్ళాడంది. రెండు గంటలు. ఆ రెండు గంటలూ వాళ్ళింట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అతనే ఫోన్ చేశాడు. ఏదో షెడ్డులో ఉన్నాడట, సిగ్నల్ లేదట. అంతే.

అప్పుడు పెదనాన్న మా అరుగు మీదకొచ్చి కూచుని ఈ ప్రశ్న వేశారు. తన అల్లుడు దొరికాడు. మిగతా ఎనిమిది ఇళ్ళ సంగతేంటని ఆయన బెంగ.

నేనేమో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఊళ్ళో ప్రింటరు పని చెయ్యకపోయినా, రాకెట్టు కూలిపోయినా నన్నే అడుగుతారు. మనకి తెలీదని ఒప్పుకునే అలవాటు ఎటూ లేదు కదా :) "రెండ్రోజుల్లో దొరికేస్తుంది పెదనాన్నా, ఎక్కడికి పోతుంది" అన్నాను. అక్కడితో ఆగినా బావుండేది. లాప్‌టాప్ తెచ్చి గూగుల్ ఎర్త్ తెరిచి, భూగోళాన్ని గిర్రున తిప్పి, బొబ్బిలి కోట దగ్గర్నుంచి మా వీధిలోకి దింపి, ఆయన ఇంటి పెంకులు చూపించాను. పెరట్లో నుయ్యి కూడా కనిపించింది. ఆయన మొహంలో వెలుగు చూడాలి!

"మరైతే సముద్రం మీదకెట్టు" అన్నారు.

పెట్టాను. నీలం రంగు. జూమ్ చేశాను. ఇంకా నీలం రంగు.

"ఇక్కడేటీ లేదేటి?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ విమానం దొరకడానికి పట్టింది రెండ్రోజులు కాదు, ఏడున్నరేళ్ళు. ఆ రోజు నేను ఎక్కడెక్కడ తప్పుగా ఆలోచించానో ఇప్పుడు రాద్దామని ఈ టపా. మీలో చాలామందిని మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగే ఉంటారు.

మొదటి తప్పు, శాటిలైట్ అంటే ఆకాశంలో పెట్టిన సీసీ కెమెరా అనుకోవడం. గూగుల్ ఎర్త్‌లో మనం చూసేది లైవ్ వీడియో కాదు. ఎప్పుడెప్పుడో తీసిన ఫోటోల్లోంచి మబ్బుల్లేనివి ఏరుకుని, కత్తిరించి, పక్కపక్కన అతికించిన బొంత అది. పెదనాన్న ఇంటి పెంకులు నేను చూపించిన రోజువి కావు, ఎప్పుడో తీసినవి. సముద్రం దగ్గరికొచ్చేసరికి ఫోటో కూడా కాదు. నడి సముద్రాన్ని ఫోటో తీయించుకుని డబ్బులిచ్చేవాళ్ళు ఎవరుంటారు? ఆ నీలం రంగు బొమ్మ ఓడలు కొలిచిన లోతుల్ని, ఉపగ్రహాలు కొలిచిన గురుత్వాకర్షణ తేడాల్ని బట్టి వేసిన అడుగుభాగపు మ్యాపు. అందులో విమానం కోసం వెతకడమంటే, ఇండియా మ్యాపులో మా వీధి కుళాయి కోసం వెతకడం లాంటిది.

రెండోది, వివరంగా చూడ్డం, విశాలంగా చూడ్డం రెండూ ఒకేసారి కుదరవు. 36,000 కిలోమీటర్ల ఎత్తున కూచుని రోజంతా మనవైపే చూసే ఇన్సాట్ లాంటి వాతావరణ ఉపగ్రహానికి బంగాళాఖాతం మొత్తం కనిపిస్తుంది. కానీ దాని ఫోటోలో ఒక పిక్సెల్ అంటే భూమ్మీద సుమారు ఒక కిలోమీటరు. తుపాను కన్ను కనిపిస్తుంది గానీ విమానం కనిపించదు. మన కార్టోశాట్-2 రకం ఉపగ్రహాలు కిందగా, 500 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. మీటరులోపు వస్తువుల్ని కూడా పట్టుకుంటాయి. కానీ ఒక దాటుకి అవి చూసేది పది కిలోమీటర్ల వెడల్పున్న చిన్న పట్టీ. అదీ ఫలానా చోట తియ్యి అని ముందే చెప్తే. మళ్ళీ అదే చోటికి రావాలంటే కొన్ని రోజులు పడుతుంది.

లెక్కల్లో చెప్పుకుందాం, మనకి అలవాటే కదా. 300 కిలోమీటర్ల పొడవు, 300 కిలోమీటర్ల వెడల్పు ఉన్న సముద్రం ముక్క తీసుకోండి. 90,000 చదరపు కిలోమీటర్లు. బంగాళాఖాతంలో అది ఒక మూల. 60 సెంటీమీటర్లకో పిక్సెల్ చొప్పున దాన్ని ఫోటో తీస్తే 25,000 కోట్ల పిక్సెళ్ళు. అందులో ఏఎన్-32 ఎంత? అటూ ఇటూ రెక్కలు కలిపి 29 మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 24 మీటర్లు. నీళ్ళ మీద చెక్కు చెదరకుండా తేలుతుంటే 50 పిక్సెళ్ళ వెడల్పున కనిపిస్తుంది. కానీ వేగంగా వచ్చి సముద్రాన్ని గుద్దుకున్న విమానం అలా ఉండదు. చిన్న చిన్న ముక్కలైపోతుంది, బరువైనవి మునిగిపోతాయి. మిగిలిన తేలికపాటి ముక్కలు అలల నురగలో, చేపల వలల తేలుబిళ్ళల్లో, మనుషులు సముద్రంలో పారేసిన చెత్తలో కలిసిపోతాయి.

ఆపైన అది జూలై నెల. మబ్బులు. మామూలు కెమెరాకి మబ్బు కింద ఏమీ కనపడదు. మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహాలున్నాయి, మన రీశాట్‌లు ఆ కోవలోవే. కానీ రాడార్‌కి ఎగసిపడే ప్రతి అలా ఒక చుక్కే. ఏ చుక్క అల, ఏ చుక్క ఇనుప ముక్క అని ఎవరు చెప్పాలి?

సముద్రం దాకా ఎందుకు, నేల మీదే చూద్దాం. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ తప్పిపోయినప్పుడు రాష్ట్రం మొత్తం టీవీల ముందు కూచుంది. మా ఆఫీసులోనూ ఆ రోజు ఎవరూ పని చెయ్యలేదు. బయల్దేరింది బేగంపేట నుంచి, వెళ్ళాల్సింది చిత్తూరు. అంటే దారి తెలుసు, టైము తెలుసు, వెతకాల్సింది నల్లమల అడవిలో అని తెలుసు. ఇస్రో ఉపగ్రహాన్ని తిప్పారు, సుఖోయ్ విమానాల్ని పంపారు, పోలీసులూ చెంచులూ అడవిలోకి వెళ్ళారు. అయినా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేసరికి మర్నాడు పొద్దున్నైంది. 2019 జూన్ 3న అరుణాచల్‌లో 13 మందితో ఇంకో ఏఎన్-32 పోయింది. ఉపగ్రహాలు, నేవీ నిఘా విమానాలు అన్నీ పనిచేశాయి. 11వ తేదీకి గానీ దొరకలేదు. ఈ రెండుసార్లూ చివరికి శకలాల్ని చూసింది హెలికాప్టర్లోంచి కిందకి వంగి చూస్తున్న మనిషి కళ్ళే. అడవిలో కూలిన చోట కనీసం చెట్లు విరుగుతాయి, నేల కాలుతుంది. నీళ్ళు పది నిమిషాల్లో ఏమీ జరగనట్టు సర్దుకుంటాయి.

"జీపీఎస్ ఉంటది కదా?" ఇది మా తమ్ముడి ప్రశ్న. వాడూ సాఫ్ట్‌వేరే, సిగ్గుచేటు. జీపీఎస్ విమానానికి తనెక్కడుందో చెప్తుంది. మనకి చెప్పదు. మనకి తెలియాలంటే విమానమే ఆ సంగతి ఇంకెవరికో పంపాలి. మీ ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉన్నా, డేటా ఆపేస్తే మీ ఆవిడకి మీరెక్కడున్నారో తెలియనట్టే.

"రాడార్?" అనొచ్చు. రాడార్ కిరణం సూటిగా పోతుంది, భూమి గుండ్రంగా ఉంది. ఆ రోజు ఏఎన్-32 తాంబరంలో ఎనిమిదిన్నరకి లేచింది. 23,000 అడుగుల ఎత్తులో ఉండగా, చెన్నైకి తూర్పున సుమారు 280 కిలోమీటర్ల దూరంలో, 9 గంటల 12 నిమిషాలకి ఎడమవైపు తిరుగుతూ వేగంగా కిందకి దిగడం రాడార్లో కనిపించింది. తర్వాత మాయం. నేను కాయితం మీద లెక్క వేసి చూశాను. అంత దూరంలో, నేల మీదున్న రాడార్‌కి సుమారు 15,000 అడుగుల కింద ఉన్నదేదీ కనపడదు. భూమి ఒంపు అడ్డమొస్తుంది. అంటే విమానం పడిపోతున్నా, చివరి పదిహేను వేల అడుగులు ఎలా పడిందో, ఎటు జరిగి పడిందో తీరం మీద రాడార్ చూసే వీలే లేదు. అది రాడార్ తప్పు కాదు. ఈ భూమి అలా ఉంది మరి.

మన భాషలో చెప్పాలంటే ఇది ప్రొడక్షన్ క్రాష్. సర్వర్ పోయింది. లాగ్స్ ఆ సర్వర్ మీదే ఉన్నాయి (బ్లాక్ బాక్స్). ఆ సర్వర్ ఏ డేటా సెంటర్లో ఉందో తెలీదు. మన దగ్గరున్నది చివరి హార్ట్‌బీట్ ఒక్కటే. రాత్రి రెండింటికి లేచి సపోర్ట్ కాల్స్‌లో కూచున్న ఎవరికైనా ఆ బాధ తెలుస్తుంది. తేడా ఏంటంటే, మనకి మర్నాడు ఒక క్షమాపణ మెయిలుతో సరిపోతుంది.

హార్ట్‌బీట్ అన్నాను కదా, నిజంగానే హార్ట్‌బీట్‌ల మీద నడిచిన వెతుకులాట ఒకటుంది. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన ఎంహెచ్370. బోయింగ్ 777, 239 మంది. ట్రాన్స్‌పాండర్ ఆగిపోయింది. తర్వాత మిలిటరీ రాడార్ కూడా దాటిపోయింది. కానీ విమానంలో ఉన్న శాటిలైట్ ఫోన్ పెట్టెకీ, ఇన్మార్‌శాట్ ఉపగ్రహానికీ మధ్య సుమారు గంటకోసారి "ఉన్నావా?" "ఉన్నాను" అనే పలకరింపు పొద్దున్న 8:19 దాకా నడిచింది. అందులో లొకేషన్ లేదు. "ఉన్నాను" అనే జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందన్నది మాత్రం గ్రౌండ్ స్టేషన్ లాగ్‌లో ఉంది. దాన్నిబట్టి ఉపగ్రహం నుంచి ఎంత దూరమో తెలుస్తుంది, ఎటువైపో తెలీదు. భూమ్మీద గీస్తే అది వేల కిలోమీటర్ల పొడవున్న వంపు గీత. ఆ గీత వెంబడి 2017 జనవరి దాకా 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భం గాలించారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే కంపెనీ ఇంకో 1,12,000 పైచిలుకు గాలించింది. దొరకలేదు. విమానం రెక్క ముక్క ఒకటి మాత్రం 2015 జూలైలో రీయూనియన్ దీవి ఒడ్డుకి తనంతట తనే కొట్టుకొచ్చింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. జవాబు ఆలస్యాన్ని లాగ్‌లో రాసే ఆ ఫీల్డ్ మొదట్నుంచీ లేదు. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ విమానం పోయాక, ఎప్పటికైనా పనికొస్తుందేమోనని చేర్చారట. ఎవరో ఇంజనీరు రాసిన ఒక్క అదనపు లాగ్ లైను లేకపోతే, వెతకాల్సింది ఏ మహాసముద్రమో కూడా తెలిసేది కాదు. ఈసారి కోడ్ రివ్యూలో "ఇన్ని లాగ్స్ ఎందుకు" అని రాసేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

సరే, ఇక నీళ్ళ కిందకి వెళ్దాం. వెలుతురైనా, రేడియో తరంగమైనా సముద్రంలో ఎంతో లోతుకి వెళ్ళవు. అంటే ఉపగ్రహాలన్నీ, అవి ఎంత గొప్పవైనా, నీటి పైపొర దగ్గర ఆగిపోతాయి. అక్కణ్ణుంచి కిందకి పనికొచ్చేది శబ్దం ఒక్కటే. నీటిలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. 3,400 మీటర్ల లోతుకి ఒక పింగ్ వేస్తే తిరిగి రావడానికి నాలుగున్నర సెకన్లు. అమెరికాలో ఉన్న సర్వర్ అర సెకను ఆలస్యం చేస్తే గోల పెట్టేస్తాం మనం! తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండ 1,700 మీటర్ల లోపే ఉంటుంది. అలాంటివి రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి ముంచినా కొన పైకి కనపడని లోతు అది.

పెద్ద ప్యాసింజర్ విమానాల బ్లాక్ బాక్సులకి నీళ్ళలో పడితే కూత పెట్టే పింగర్ ఉంటుంది. ఆ కూత రెండు మూడు కిలోమీటర్లకి మించి సరిగ్గా వినపడదు. బ్యాటరీ అప్పట్లో నెల రోజులు, ఇప్పుడు కొత్తవాటికి మూడు నెలలు. మన ఏఎన్-32లో నీళ్ళలో కూసే పింగర్ లేదని అప్పుడే వార్తలొచ్చాయి. నౌకలు, విమానాలు, ఒక సబ్‌మెరైన్ కూడా వెతికాయి. సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ లాంటి పరిశోధన నౌకలు అడుగుని సోనార్‌తో చూశాయి. విమానంలో ఉన్నవాళ్ళు చనిపోయినట్టుగా భావిస్తున్నామని సెప్టెంబర్ మధ్యలో వాయుసేన ఆ 29 కుటుంబాలకీ ఉత్తరాలు రాసింది. భావిస్తున్నామని. వైజాగులో ఎనిమిది ఇళ్ళకి ఆ మాటే మిగిలింది.

ఈ మధ్యలో నేను బొబ్బిలి వెళ్ళినప్పుడల్లా పెదనాన్న అడిగేవారు, దొరికిందా అని. రెండోసారో మూడోసారో ఆయనే అన్నారు: "మా ఇంటి పెంకులు కనపడ్డాయి గానీ విమానం కనపడ్లేదంటే నమ్మమంటావేటి? ఏదో దాసేత్తన్నారు నాయినా."

నాకు సుర్రుమంది. ఆ అనుమానం నాటింది వాట్సాప్ కాదు, నేనే. ఆ రోజు అరుగు మీద లాప్‌టాప్ పెట్టి, మనిషి కంటికి కనపడనిదంటూ ఏమీ లేదని ఆయనకి నమ్మకం కలిగించింది నేను. అంతా కనపడుతుందని నమ్మిన మనిషికి, కనపడలేదంటే అర్థం ఒక్కటే: ఎవరో దాచారు. ఎంహెచ్370 వాళ్ళ బంధువులకీ ఇదే జరిగింది. పోయినవాళ్ళ ఫోన్లు రింగవుతున్నాయని వాళ్ళు ఆశపడ్డారు, రింగవుతుంటే ఎక్కడుందో చెప్పరేమని కోప్పడ్డారు. అవతల ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్ వెతుకుతున్నంతసేపు కూడా మన చెవికి రింగు వినిపించొచ్చని, అవతల ఫోన్ మోగుతోందని దానర్థం కాదని, ముందే ఎవరైనా నెమ్మదిగా కూచోబెట్టి చెప్పుంటే బావుండేది. టెక్నాలజీ తెలిసినవాళ్ళం మనం దాని గొప్పలు చెప్పినంత ఉత్సాహంగా దాని హద్దులు చెప్పం.

ఇప్పుడు కొంచెం పిడకల వేట. నా చిన్నప్పుడు మా వీధిలో అందరికీ నూతులే. చేంతాడు తెగి చేద నూతిలో పడిపోతే, పెదనాన్న ఇంటికి పరిగెత్తేవాళ్ళం. వీధి మొత్తానికి పాతాళగరిగె వాళ్ళింట్లోనే ఉండేది. ఈతరం వాళ్ళకి తెలీదేమో, అది గుత్తిలా వేలాడే ఇనుప కొక్కేల చక్రం. తాడు కట్టి నూతిలోకి వదిలి, అడుగున తిప్పుతూ ఉంటే పడిపోయిన వస్తువు ఏదో ఒక కొక్కేనికి తగులుకుంటుంది. పట్టుకెళ్ళేవాళ్ళు తిరిగివ్వరేమోనని పెద్దమ్మ చెంబో గిన్నో తాకట్టు పెట్టించుకునేది :)

మాకు తగలకపోతే పెదనాన్నే వచ్చేవారు. గరిగె దింపకముందు ఎప్పుడూ ఒకే ప్రశ్న: "ఏ పక్క నిలబడి తోడుతున్నారు, తాడు ఎంత దిగేక తెగింది?" అది తెలుసుకుని, ఆ పక్కనుంచి మొదలెట్టి, కొంచెం కొంచెం జరుపుకుంటూ నుయ్యంతా తిప్పేవారు. గంటసేపు తిప్పినా దొరక్కపోతే నేను "లేదు పెదనాన్నా" అనేవాణ్ణి. ఆయన ఒప్పుకునేవారు కాదు. "లేదనకు. గరిగెకి తగల్లేదు, అంతే" అనేవారు. మర్నాడు మళ్ళీ మొదటి చోటునుంచే మొదలు.

ఎయిర్ ఫ్రాన్స్ 447 కథ చదివినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. 2009 జూన్ 1న 228 మందితో రియో నుంచి పారిస్ వెళ్తూ అట్లాంటిక్‌లో పడిపోయింది. ఆ విమానం పది నిమిషాలకోసారి తనెక్కడుందో పంపేది. చివరిసారి పంపిన చోటు తెలుసు. కొన్ని రోజుల్లోనే తేలుతున్న శకలాలు దొరికాయి. అయినా అడుగున ఉన్న విమానం దొరకడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఎందుకంటే పింగర్ కూత కోసం వింటూ నౌకలు ఆ చుట్టుపక్కల ముందే తిరిగాయి, ఏమీ వినపడలేదు. కాబట్టి అక్కడ లేదు అనుకుని దూరం వెళ్ళిపోయారు. 2011లో గణితం తెలిసినవాళ్ళు కూచుని మొత్తం మళ్ళీ లెక్కేశారు. ప్రతి చోటికీ ఒక సంభావ్యత ఇచ్చి, ప్రతి వెతుకులాటకీ అది తప్పిపోయే అవకాశం ఎంతో ఇచ్చి, అసలు ఆ పింగర్లు రెండూ పాడైపోయి ఉంటే? అని అడిగారు. లెక్క మారిపోయింది. మొదట వదిలేసిన చోటే ముందుకొచ్చింది. ఏప్రిల్‌లో అక్కడ వెతికితే కొద్ది రోజుల్లోనే, చివరిసారి చెప్పిన చోటుకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, 3,900 మీటర్ల లోతున దొరికింది.

"లేదు" వేరు, "తగల్లేదు" వేరు. బేయీస్ సిద్ధాంతం పేరు పెదనాన్న ఎప్పుడూ వినలేదు. నేను ఎం.టెక్‌లో చదివి పరీక్ష రాసి మర్చిపోయాను.

2024 జనవరి 12. అదీ శుక్రవారమే. సంక్రాంతికి బొబ్బిలి చేరాను. వీధిలో పిల్లలు భోగిమంటకి దుంగలు పోగేస్తున్నారు. ఫోన్లో వార్త కనపడింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ మనిషి లేని జలాంతర వాహనం, చెన్నై తీరానికి దూరంగా, 3,400 మీటర్ల లోతున విమాన శకలాల్ని సోనార్‌తో పట్టి ఫోటోలు తీసింది. వాటిని పరిశీలించి, అవి ఏఎన్-32వే అయ్యుంటాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ పోయిన దాఖలా లేదట. అంత లోతుకి దిగి, అడుగుని దగ్గరగా తడుముకుంటూ తిరిగే ఈ వాహనం ఏడున్నరేళ్ళ కిందట మన సంస్థ దగ్గర లేదు. సముద్రగర్భంలో ఖనిజాలు వెతకడానికని తెచ్చుకున్నారు. దొరికిన చోటు కూడా రాడార్ చివరిసారి చూసిన వైపే, ఇంకెక్కడో కాదు.

పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. చూపు తగ్గింది, పడక కుర్చీలో ఉన్నారు. ఫోన్లో ఫోటో చూపించాను. బూడిదరంగు బురదలో ఏవో ముక్కలు. ఆయనకి సరిగ్గా కనపడలేదు, నన్నే చెప్పమన్నారు. ఈసారి గొప్పలు లేకుండా చెప్పాను. శాటిలైట్‌కి నీళ్ళ కింద కనపడదనీ, రాడార్‌కి భూమి ఒంపు అడ్డమొస్తుందనీ, అప్పుడు నేను రెండ్రోజులన్నది తెలీక అన్నాననీ చెప్పాను. ఎవరూ దాచలేదనీ, ఈ గరిగె మనకి అప్పుడు లేదనీ చెప్పాను.

గరిగె అనేసరికి ఆయన తలెత్తారు. "మరి అలగ సెప్పొచ్చు కదా అప్పుడే. ఎంత లోతన్నావు?"

"మూడు కిలోమీటర్ల పైన పెదనాన్నా."

"ఓలమ్మ. అంత తాడే!" అని చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత, "ఆళ్ళోళ్ళకి సెప్పారా?" అన్నారు.

చెప్పే ఉంటారన్నాను. పైకి తియ్యడానికి మాత్రం ఏమీ ఉండకపోవచ్చన్నాను. "తియ్యకపోనీ. ఎక్కడో తెలిసింది కదా. ఆ పక్కకి తిరిగి దండమెట్టుకుంటారు" అన్నారు.

ప్యాసింజర్ విమానాల్లో కొన్ని మార్పులైతే వచ్చాయి. 2018 నవంబర్ నుంచి సముద్రం మీద పెద్ద విమానాలు కనీసం పదిహేను నిమిషాలకోసారైనా తామెక్కడున్నామో తెలియజేయాలి. ఆ పదిహేను నిమిషాల్లో కూడా విమానం 200 కిలోమీటర్ల పైన వెళ్ళిపోగలదు. అందుకే కొత్తగా తయారయ్యే పెద్ద విమానాలకి, ప్రమాదంలో పడితే నిమిషానికోసారి తనంతట తనే చెప్పే ఏర్పాటు కావాలన్నారు. ఇవన్నీ మన ఆకాశంలో కన్నుని పెద్దది చెయ్యడం కాదు, గమనించండి. విమానం చేత ఎక్కువసార్లు "ఇక్కడున్నాను" అనిపించడం. తాడు ఎక్కడ తెగిందో తెలిసుండడం. మిగతాదంతా, సముద్రం ఉన్నన్నాళ్ళూ, గరిగె తిప్పే పనే.

ఇకమీదట ఊళ్ళో ఎవరైనా ఇలాంటిది అడిగితే లాప్‌టాప్ తెరవకూడదని నిర్ణయించుకున్నాను. ముందు "అది కష్టం, నాకు తెలిసినంత చెప్తాను" అంటాను. మీరు కూడా అలాగే అంటే ఎక్కడో ఒక ఇంట్లో ఎదురుచూసేవాళ్ళకి కనీసం అనుమానం అనే బరువు ఒకటి తగ్గుతుంది.

పాతాళగరిగె ఇప్పటికీ వాళ్ళ పెరట్లో మేకుకి వేలాడుతోంది. నూతికి ఎప్పుడో మూత వేసేశారు. ఎందుకు పెదనాన్నా ఇంకా అది, తుప్పు పట్టిపోయింది కదా అంటే, "ఉండనీ నాయినా, తినడానికి అడుగుతాదేటి" అన్నారు.